సభలలో ధ్వనిముద్రణము: మైక్రోఫోనుల విన్యాసము

ప్రేక్షకుల సమక్షమున జరుగు సంగీతసభను గాని, నాటకమును గాని, నృత్యరూపకమును గాని, అది జరుగుచుండగనే ధ్వనిరూపమున భద్రపరచు పనియందు తగిన మైక్రోఫోనుల నెన్నుకొనుటయు, వానికి చోటును ఎత్తును ముఖమును నిర్ణయించుటయు కలిసి యొక ప్రత్యేకవిద్యగా పరిణమించినవి. స్టూడియోలో ముద్రాపకుడు స్వతంత్రుడు; గాయకుని కొంచెము ముందునకు జరుగుమనవచ్చును, మృదంగమును తెరచాటున కూర్చుండబెట్టవచ్చును, అపస్వరము దొరలినచో మరల పాడించుకొనవచ్చును. సభలో నతడు అతిథి. టిక్కెట్టు కొని వచ్చినవారి కన్నులకు అడ్డురాకుండ, మందిరములోని స్పీకర్లు కూత పెట్టకుండ, నటుల పాదములకు తీగలు తగులుకొనకుండ తన పరికరముల నమర్చుకొని, మరల జరుగని దానిని జరిగినది జరిగినట్లు పట్టుకొనవలయును. కావున ఈ విద్యలోని నియమములు పైకెంత శాస్త్రీయములుగా గనిపించినను తుదకొక రాజీలో ముగియును. ఆ రాజీ ప్రధానముగా దూరమును గూర్చినది. కంఠమునకును మైక్రోఫోనునకును నడుమ ఎంత యెడ ముండవలయునను ప్రశ్నకు సరియైన సమాధానము దొరికినచో తక్కిన లోపములను చాలవరకు సవరించుకొనవచ్చును. అది తప్పినచో ఎంత వెలగల పరికరమైనను ఆదుకొనజాలదు.

ఈ సంగతి ముద్రణమున మైక్రోఫోనులు వాడుకలోనికి రాకమునుపే తెలియవచ్చినది. 1888 జూన్ 29వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో సుమారు 4000 మంది గాయకులు హాండెల్ రచించిన ‘ఇజ్రాయెల్ ఇన్ ఈజిప్ట్’ను ఆలపించుచుండగా, ఎడిసన్ ప్రతినిధియగు కర్నల్ గూరో ఫోనోగ్రాఫు యంత్రము నూరుగజములకు పైబడిన దూరమున నుంచి మైనపు స్తూపములపై ముద్రింపించెను. మిగిలినది దూరమునుండి వినవచ్చు ఘోష మాత్రమే. అందు సాహిత్యము మృగ్యము, రాగచ్ఛాయ యూహింపదగినది. 1901-03 నడుమ న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరాలో గ్రంథపాలకుడుగా నుండిన లయొనెల్ మేపుల్సన్ తన ఫోనోగ్రాఫును మొదట రంగస్థలము ముందంచుననున్న ప్రాంప్టరు గూటిలోను, పిమ్మట వేదికకు పైనెత్తున పరదాలు లాగువారు నడచు వంతెనపైనను పెట్టి ఆనాటి మహాగాయకుల కంఠములను పట్టెను. వంతెనపై ముద్రితములైన స్తూపములను వినునపుడు, గాయని ఫోనోగ్రాఫు బూరకు చేరువగా వచ్చినంతసేపు స్వరము నిగ్గుదేలుటయు, ఆమె రెండడుగులు తొలగినంతనే మాసిపోవుటయు చెవికి స్పష్టముగా తెలియును. తరువాతి యిరువదియేండ్ల ఇంజనీర్లు ఎదుర్కొనిన చిక్కంతయు ఆ కొలది నిమిషములలో నున్నది.

రంగస్థలముపై ధ్వనిగ్రాహకములను బెట్టి విద్యుత్తీగలద్వారా గానమును వేరొకచోటికి పంపిన తొలి ప్రయత్నములలో నొకటి 1881లో పారిస్ విద్యుత్ప్రదర్శనమున క్లెమాఁ ఆడెర్ చేసినది. పారిస్ ఒపేరా వేదిక యంచున పాదదీపముల వెంబడి బొగ్గు ట్రాన్స్‌మిటర్లను వరుసగా నిలిపి, జంట జంటగా తీగలు లాగి, శ్రోత రెండుచెవులకు రెండు టెలిఫోను రిసీవర్ల నానించుకొనునట్లు చేసెను. నటులు ఇటునుండి అటు నడచుట చెవికి దెలియుచున్నదని విన్నవా రాశ్చర్యపడిరి. ముద్రణ విషయమున మాత్రము బొగ్గు మైకు పనికిరాలేదు; దానిలోని ఎడతెగని చిటపటలు మెల్లని ధ్వనులను మ్రింగివేయును. 1916లో వెస్టరన్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇ. సి. వెంటీ కనిపెట్టిన కండెన్సరు మైక్రోఫోను ఈ కొరతను దీర్చినది. 1920 నవంబరు 11న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగిన అజ్ఞాతవీరుని అంత్యక్రియాగానమును గెస్ట్, మెరిమన్ అను నిరువురు టెలిఫోను తీగల ద్వారా ముద్రించిరి. 1925 మార్చి 31న కొలంబియావారు మెట్రోపాలిటన్ ఒపేరా మందిరములోనే 850 మంది గాయకుల బృందమును, చివర శ్రోతలు కూడ గొంతుకలిపిన పాటను విద్యుత్పద్ధతిని ముద్రించి విడుదల చేయగా, మందిరము యొక్క గాంభీర్యము గ్రామఫోను పళ్లెములోనికి తొలిసారిగా ప్రవేశించినది.

మైక్రోఫోనులు అంతర్నిర్మాణమును బట్టి కండెన్సరు, డైనమిక్, రిబ్బన్ అని మూడుతెగలు. వీనిని గూర్చి విస్తరింప పనిలేదు: కండెన్సరు సూక్ష్మగ్రాహి, దానికి సాధారణముగా 48 వోల్టుల విద్యుత్తు తీగవెంబడియే యందవలయును, డైనమిక్ మొరటుపనికి ఓర్చును, రిబ్బన్ మృదువైనది, గాలిదెబ్బకు ఓర్వదు. సభాముద్రణమునకు ఇంతకన్న ముఖ్యమైనది మైక్రోఫోను ఏ దిక్కు ధ్వనిని వినును, ఏ దిక్కుది వినదు అను భేదము. అన్నిదిక్కులకు సమానముగా చెవియొగ్గునది సర్వదిశాగ్రాహి. ముందువెనుకలను విని ప్రక్కలను విడుచునది ఎనిమిది అంకె యాకృతి గలది. ముందుదానిని విని వెనుకదానిని త్రోసివేయునది కార్డియాయిడు, అనగా హృదయాకృతి గలది. సభలలో కార్డియాయిడే రాజ్యమేలుచున్నది. వెనుకనున్న స్పీకర్లను, దగ్గులను, ఫంకాల రొదను అది కొంత తగ్గించును. దాని కొక దోషము గలదు. నోటికి మిక్కిలి దగ్గరగా నుంచినచో మంద్రస్వరముల నధికముగా పెంచి, సన్నని గొంతునకు గూడ బొంగురుపోయిన గాంభీర్యము నంటగట్టును. దీనిని గుర్తెరిగి వాడుకొను ఉపన్యాసకులు గలరు; సంగీతమున నిది ప్రాయికముగా హానియే.

ఇక దూరము. బహిరంగప్రదేశమున ధ్వనిస్థానమునుండి దూరము రెట్టింపైనకొలది తీవ్రత 6 డెసిబెల్‌లు తగ్గును. మందిరములో నట్లుగాదు, నేరుగా వచ్చు ధ్వని తగ్గుచుండగా, గోడలనుండి మరలివచ్చు అనురణనము మాత్రము మందిరమంతట ఇంచుమించు సమముగా వ్యాపించియుండును. ఈ రెండును సరితూగు దూర మొకటి గలదు. 9000 ఘనమీటర్ల పరిమాణమును, ఒకటిన్నర సెకనుల అనురణనకాలమును గల మందిరమున, అన్నిదిక్కులకు సమముగా పలుకు వాద్యమునకు ఆ దూరము దాదాపు 4.4 మీటర్లు. సర్వదిశాగ్రాహిని అంతకన్న దూరముగా జరిపినకొలది మందిరమే వినవచ్చును, వాద్యము గాదు. కార్డియాయిడును దానికి 1.7 రెట్ల దూరమున నుంచినను అదే పాళ్లు దక్కును. ప్రేక్షకులు మూడవవరుసలో గూర్చుండి సుఖముగా వినుచుండగా, ఆ కుర్చీలోనే పెట్టిన మైక్రోఫోను నూతిలోనుండి వచ్చినట్టి ధ్వనిని ముద్రించుటకు కారణమేమని కొత్తవా రడుగుచుందురు. మనుష్యుడు రెండుచెవులతోను, కన్నుల సాహాయ్యముతోను వినుచు, కావలసిన దానిని ఏరుకొనును. ఒంటి మైక్రోఫోనున కా వివేకము లేదు. అందుచేత ముద్రాపకుడు శ్రోతకన్న ముందుండవలయును.

ఆ రెండుచెవుల వివేకమును యంత్రమున కలవరచుటయే స్టీరియో విద్య. ఇ.ఎం.ఐ. ఇంజనీరగు ఆలన్ బ్లుమ్‌లైన్ చలనచిత్రము జూచుచు, తెరపై నటుడొకవైపుండగా కంఠము వేరొకవైపునుండి వచ్చుటకు విసిగి ఈ యాలోచన చేసెనని చెప్పుదురు. 1931 డిసెంబరులో నతడు దరఖాస్తు చేసిన 394325 సంఖ్యగల బ్రిటిషు పేటెంటులో స్టీరియోకు మూలసూత్రములు పెక్కు గలవు. ఎనిమిది అంకె యాకృతిగల రెండు మైక్రోఫోనులను ఒకేచోట, ఒకదాని కొకటి లంబముగా నిలుపుట అతని పేర నేటికిని వ్యవహరింపబడుచున్నది. 1934లో ఆబీ రోడ్ స్టూడియోలో సర్ థామస్ బీచమ్ మొజార్ట్ సింఫనీని సాధన చేయించుచుండగా ఈ పద్ధతిని పరీక్షించిరి. 1942లో రాడారు పరీక్షకై పోవుచున్న విమానము కూలి బ్లుమ్‌లైన్ మరణించెను. తన విద్య విపణికెక్కుట అతడు చూడలేదు. ఈ జంట స్థానభేదమును ముచ్చటగా చూపునుగాని, వెనుకవైపు కూడ వినునదగుటచే, సభలో శ్రోతల దగ్గులను గాయకులతో సమానముగా గౌరవించును. కావున ప్రేక్షకులున్నచోట రెండు కార్డియాయిడులనే వాడుదురు. ఫ్రెంచి రేడియోవారు వానిని 17 సెంటీమీటర్ల యెడముతో 110 డిగ్రీల కోణమునను, డచ్చివారు 30 సెంటీమీటర్లతో 90 డిగ్రీలను నిలిపిరి. మొదటి పద్ధతి మనుష్యుని చెవుల యెడమునకు దగ్గరగా నున్నందున, ఒకే స్తంభముపై ఇమిడిపోవునదగుటచే, చిన్న సభలకు నేనెరిగినంతలో ఇంతకుమించిన యుపాయము లేదు.

ఎడముగా నుంచు పద్ధతి వేరు. 1933 ఏప్రిల్ 27న బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియాలో వాయించుచున్న వాద్యబృందము నెదుట మూడు మైక్రోఫోనులుంచి, వాషింగ్టన్ మందిరమున మూడు స్పీకర్లద్వారా వినిపించిరి. స్టొకావ్‌స్కీ అంతటి సంగీతనిర్దేశకుడు బృందమును వేరొకరికి విడిచి, వాషింగ్టన్‌లో మీటలయొద్ద గూర్చుండెను. 1954 ప్రాంతమున డెక్కా సంస్థవారు ఈ మూడింటిని నిర్దేశకుని తలకు పైగా మూడు మీటర్ల కెత్తి, ఎడమకుడులను రెండుమీటర్ల యెడమునను, నడిమిదానిని మీటరున్నర ముందునకును నిలిపిరి. నడిమి మైక్రోఫోను లేనిచో వేదిక మధ్యభాగము బోలుపోవును. అది ఉండుటచే గాయకుడు నట్టనడుమ నిలుచును. ఇందు వాడిన నాయ్‌మన్ ఎం-50 సర్వదిశాగ్రాహియే యైనను, దాని లోపలి చిన్న గోళము తారస్వరములను ముందువైపుననే యెక్కువగా విననిచ్చును. 1955లో ఇదే సంస్థ బైరాయ్‌ట్ ఉత్సవములలో కైల్‌బెర్ట్ నిర్వహించిన వాగ్నర్ నాటకచతుష్టయమును ప్రేక్షకుల సమక్షమున స్టీరియోలో ముద్రించినది. అచ్చట వాద్యబృందము వేదిక క్రింద కప్పువేసిన గోతిలో నుండును గనుక వాద్యములకు వేరుగా, గాయకులకు వేరుగా మైక్రోఫోనుల నమర్చక తప్పదు. అర్ధశతాబ్దికి, 2006లో, టెస్టమెంట్ సంస్థ పూర్తిగా విడుదల చేసిన ఆ ముద్రణమున పాత్రల అడుగులు, వేదికపలకల మ్రోత వినవచ్చును. నాటకము జరిగినదనుటకు వానికన్న సాక్ష్యమేల?

ప్రధానమగు జంటకు సాయముగా ఒక్కొక వాద్యమునకు సమీపమున మైక్రోఫోను పెట్టుట సర్వసామాన్యము. ఇందొక కాలభేదము గలదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు నడచును గనుక గాయకుని ముందు 30 సెంటీమీటర్ల దూరముననున్న మైకు, పదిమీటర్ల యవతలి జంటకన్న దాదాపు 28 మిల్లీసెకనులు ముందుగా వినును. దీనిని మిశ్రమమున నంతకాలము వెనుకకు జరుపక కలిపినచో స్వరము చెదరి, గాయకుడు బృందమును విడిచి ముందునకు దూకినట్లు తోచును. ఇంకొక నియమము: ప్రక్కప్రక్కనున్న రెండు మైకుల నడుమ దూరము, ఒక్కొకటి తన వాద్యమునకున్న దూరముకన్న మూడురెట్లకు తక్కువగా నుండరాదు.

కర్ణాటక సంగీతసభ ఈ విద్యకు కఠినపరీక్ష. ఆకాశవాణి 1954 నుండి సంగీత సమ్మేళనములను ఆహ్వానితుల సమక్షమున ముద్రించి ప్రసారము చేయుచున్నందున మనకు దీనిలో దీర్ఘమైన అనుభవము గలదు. వేదిక చిన్నది, అందరును ఒకరి మోకాలికొకరు తగులునట్లు కూర్చుందురు, కంఠమునకు ఎడమవైపున వయొలిను, కుడివైపున మృదంగము. మార్దంగికుడు గాయకునివైపు తిరిగి కూర్చుండుటచే నల్లని మచ్చగల కుడిమూత శ్రోతలవైపును, తడిపిన రవ్వముద్ద యంటించిన ఎడమమూత వెనుకవైపును ఉండును. కావున ముందునుంచిన జంట మైక్రోఫోనులు ‘దిం’, ‘నం’ అను కుడిచేతి పలుకులను మెరుగుగా విని, ఎడమచేతి గుంకీలను సగమే వినును. మంద్రము తక్కువైనదని దానినంతటిని పెంచిన కుడిమూత కఱకుదేలును. ఎడమమూతకు ఒక డైనమిక్ మైకును జానెడు దూరమున, అంచువైపు కొంచెము వాలుగా పెట్టుటయే తరుణోపాయము. మూతకు నేరుగా నెదురుపెట్టినచో చేతిగాలి తగిలి ‘బుస్సు’మనును.

గాయకుని మైకు నోటికి నేరుగా గాక, గడ్డముకన్న కొంచెము దిగువనుండి పైకి జూచునట్లు, 30 సెంటీమీటర్ల దూరమున నుండుట మేలు. అట్లైన పెదవులగాలి దానిపైనుండి దాటిపోవును. మంద్రస్థాయి సంచారములు ఉబ్బిపోవు. రసికులకు గాయకుని ముఖము కనిపించును. ఐనను ఎందరు విద్వాంసులు ఈ దూరమున కొప్పుకొందురు? స్పీకర్లనుండి తమ గొంతు తమకు బలముగా వినవలెనని మైకును నోటికి లాగికొనువారే హెచ్చు. వీరు వయొలిను విద్వాంసుని మెచ్చుకొనుటకై ఎడమవైపునకు తిరిగినపుడెల్ల స్వరమొక్కమారుగా పలుచబడును; దగ్గరనున్న మైకునకు తల త్రిప్పుటయే పెద్దదూరము గదా. మరియొక చిక్కు తాళము. ఆదితాళపు తొలిదెబ్బ తొడపై పడినపుడెల్ల దాని యదురు వేదికబల్ల గుండ, మైకుకాడ గుండ ముద్రణములోనికి ప్రాకి, మృదంగము మౌనముగానున్న పట్లయందు గూడ ‘దుబ్బు’మని వినవచ్చును. కాడక్రింద దళసరి స్పాంజిముక్క యుంచుట, వీలైనచో కాడను వేదికపై గాక నేలపై నిలిపి పొడుగుచేతిని లోపలికి చాచుట దీనికి మందు.

వయొలినుకు అతికించు పికప్‌లు ఇపుడు విరివిగా వాడుకలోనికి వచ్చినవి. కూత రాదు, తక్కిన వాద్యములు చొరబడవు అను సౌకర్యములు నిజమే. కాని కమాను తీగను తాకు గరగర తప్ప కొయ్య పలుకు నాదము వానిలో లేదు. వాద్యమునకు పైగా, కమాను చివర తగులని యెత్తున, ఒక చిన్న కండెన్సరు మైకు నుంచుట వేయిరెట్లు మేలు. బొబ్బిలి వీణ వంటి మృదువాద్యమునకు కుండ యెదుట మూరెడు దూరము చాలును. అంతకు దగ్గరైన, మీటునపుడు గోటిచప్పుడే గమకమును మించును. నాదస్వరమునకు దగ్గరమైకే యక్కరలేదు.

నాటకమున చిక్కు వేరు. నటుడు నడచును, వెనుదిరుగును, నేలబడి యేడ్చును. పద్యనాటకపు రోజులలో వేదికకు ముందువైపున రెండో మూడో మైకులు వ్రేలాడగట్టి, పద్యమెత్తుకొనగానే నటుడు వానిక్రిందకు వచ్చి రాగము తీయుట అలవాటైపోయెను. పాత్రోచితమగు చలనమును ఆ మైకులే నిర్ణయించెననుట అతిశయోక్తి గాదు. రాయబారమున కృష్ణుడు కౌరవులను విడిచి ప్రేక్షకులవైపు మూడడుగులు వేయుటకు మైకు తప్ప వేరు కారణము లేదు. వ్రేలాడు మైకునందును, కాడపై నిలిచిన మైకునందును గల ముఖ్యదోషము నేలనుండి ప్రతిఫలించు ధ్వని. నటుని నోరును మైకును రెండును మీటరున్నర యెత్తున, మూడుమీటర్ల దూరమున నున్నవనుకొందము. నేరుగా వచ్చు ధ్వని మూడుమీటర్లు నడువగా, నేలను తాకివచ్చునది 4.24 మీటర్లు నడచును. ఈ యాలస్యమువలన సుమారు 137, 410, 685 హెర్ట్‌జ్ వద్ద రెండును పరస్పరము రద్దై, కంఠము డొల్లపడును. నటుడు కదలినకొలది ఈ సంఖ్యలు మారుచు, రంగు మారుచుండును. మైక్రోఫోనును నేలకే యానించి పరుండబెట్టినచో రెండు మార్గములును ఒకటై ఈ దోషము తొలగును. బల్లపరుపుగా నుండు ఈ నేలమైకులను వేదిక ముందంచున మూడింటినిగాని అయిదింటినిగాని పెట్టుదురు. బేసిసంఖ్య యెందుకన, ముఖ్యపాత్ర నిలుచు నడిమిచోటున ఒకటి తప్పక యుండుటకు. 1881లో ఆడెర్ ఎన్నుకొనిన పాదదీపముల చోటు ఇదియే. అడుగుల చప్పుడు వీనికి పెద్దశత్రువు; క్రింద పలుచని రబ్బరు పరచి, 80 హెర్ట్‌జ్‌కు దిగువ ధ్వనులను కోసివేయుదురు. కూచిపూడి ప్రదర్శనమున మాత్ర మీ శత్రువే మిత్రుడు. గజ్జెలసడి, పాదఘాతము లేని భామాకలాపము సగము భామాకలాపమే గనుక నేలమైకును మూయక, నట్టువాంగపు తాళములను తగ్గించుకొనుట యుక్తము.

నటుల దేహముననే యిముడు సూక్ష్మపు వైర్‌లెస్ మైకులు ఈ సమస్యను చాలవరకు తీర్చినవి. నోటికిని మైకునకును దూరము మారదు. ఛాతీపై పెట్టుట చలనచిత్రములకు తగునుగాని మన పౌరాణిక వేషములకు తగదు. హారములు, కవచములు, భుజకీర్తులు తగిలి గలగలలాడును, తల వంచినపుడు గడ్డమడ్డువచ్చి మాట మ్రగ్గును. నుదుట కిరీటమునకును విగ్గునకును సందున, చర్మమున కంటించుట శ్రేష్ఠము. చెమట దీనికి విషము. పలుచని తొడుగు లేక రెండవ యంకమునాటికి మూగవోవుట సాధారణము. ఇరువురు నటులు కౌగిలించుకొనినపుడు ఒక్కొకని మాట రెండు మైకులకును చేరి మరల ఆ డొల్లతనమే పుట్టును గనుక, మిక్సరువద్ద నున్నవాడు ఒకదానిని తగ్గించి, ఒకదానితోనే యిరువురి మాటలను పట్టవలయును. దీనికి నాటకప్రతి కంఠస్థమై యుండవలెను. 1885లో కడపమండలపు సురభి గ్రామమున పుట్టిన సురభి నాటకసమాజములవంటి బృందముల మాయలు, మంటలు, బాణసంచా గల ప్రదర్శనములకు మరియొక జాగ్రత్త: ధ్వని కొలమానమున శిఖరమునకు పన్నెండు డెసిబెల్‌లైనను ఖాళీ విడువక ముద్రించినచో ఘటోత్కచుని ప్రవేశముననే శబ్దము పగిలిపోవును.

నేటి సభలలో ముద్రణ మనగా మైకుసెట్టువాని మిక్సరునుండి ఒక తీగ లాగికొనుట యను భావన బలపడినది. ఇది సులభము, చవుక, తప్పు. మిక్సరు పని మందిరములో వినబడని దానిని వినిపించుట. మృదంగము తనంతట తానే వినబడును గనుక దానిని తగ్గించి, కంఠమును పెంచియుండును. ఆ మిశ్రమమునే ముద్రించినచో మృదంగము బక్కచిక్కి, గాయకుడు చెవిలో పాడినట్లుండి, శ్రోతల కరతాళములు పొరుగిల్లునుండి వచ్చినట్లు వినబడును. ప్రతి మైకు తీగను వేదికయొద్దనే రెండుగా చీల్చి, ఒకపాయను స్పీకర్లకు, ఒకపాయను ముద్రణమునకు విడివిడిగా గొనిపోవుటయు, మందిరపు గాలిని పట్టుటకు వేరుగా ఒక జంట నుంచుటయు సరియైన మార్గము. తీగలను దీపముల తీగలవెంట పరువరాదు. దీపముల వెలుగు తగ్గించు డిమ్మర్లు వానిలో రొద నింపును. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అను బృందమువారు 1984నుండి శ్రోతలలోని ముద్రాపకులకు మందిరమున ప్రత్యేకస్థలమే కేటాయించిరి. ఆ యభిమానులు ఎత్తైన కాడలపై జంటమైకులు నిలిపి తీసిన ముద్రణములు ఈనాటికిని వినదగియున్నవి.

మన సభానిర్వాహకులు పుష్పహారములకును ఫ్లెక్సీలకును వెచ్చించుదానిలో స్వల్పభాగముతో రెండు మంచి కార్డియాయిడు మైక్రోఫోనులు, ఒక పొడుగుకాడ సమకూరును. వేదికకు మూడు నాలుగు మీటర్ల దూరమున, మొదటివరుస నడిమి రెండుకుర్చీలను అతిథులకు గాక ఆ కాడకు విడువవలసినదిగా వారిని ప్రార్థించుచున్నాము.